తొలి ఆర్కిడ్ మొక్క – దాని పోషణము

మన పట్టణములలో నిప్పుడు పూలయంగళ్లయందును నర్సరీలయందును ఆర్కిడ్ మొక్కలు విరివిగా దొరకుచున్నవి. పండుగకో పుట్టినదినమునకో బహుమానముగా వచ్చిన మొక్క రెండు మూడు నెలలు కన్నుల కింపుగా పూచును. పిదప పూవులు రాలును, ఆకులు వాడును, తుదకు మొక్క పెంటకుప్ప పాలగును. అప్పుడు మనవారు “ఇది దొరల తోటలలో బ్రదుకునది గాని మన యింట బ్రదుకునా?” యని సరిపెట్టుకొందురు. నిజమారయగా, పెక్కుసారులు దానిని చంపునది మన ప్రేమయే; అనగా దినదినమును మనము పోయు నీరే.

ఇది యొకప్పుడు ధనికుల మొక్క యనుట వాస్తవమే. దీని విత్తనములు దుమ్మువలె మిక్కిలి సన్నములు. మొలకకు వలయు నాహారము వానియందు నిలువయుండదు గనుక, అడవిలో నొకవిధమగు బూజు తోడ్పడిననే గాని యవి మొలకెత్తవు. 1922వ సంవత్సరమున లూయిస్ నడ్సన్ అను నమెరికా శాస్త్రజ్ఞుడు చక్కెర మొదలగు పోషకములు కలిపిన పదార్థముపై, ఆ బూజు సాయము లేకయే, విత్తనములను మొలకెత్తించు విధమును ప్రకటించెను. అది మొదలు ఈ మొక్కలను వేలకొలది పెంచుట సాధ్యమై, క్రమముగా సామాన్యుల యిండ్లకును వచ్చినవి.

దీనిని పెంచగోరువారు ముందుగా దీని పుట్టినిల్లు తెలిసికొనవలెను. ఉష్ణదేశపు ఆర్కిడ్‌లలో పెక్కు జాతులు చెట్టుకొమ్మలపై బెరుగును. మన ప్రాంతమునను అట్టివి కలవు. విలియం రాక్స్‌బరో అను వైద్యుడు 1793వ సంవత్సరము వరకు పెక్కేండ్లు సామర్లకోటలో నివసించి యీ తీరపు మొక్కలను పరిశీలించెను. 1795లో ప్రకటితమైన తన గ్రంథమున, రేకులపై గళ్లుగళ్లుగా గీతలున్న యొక ఆర్కిడ్‌ను వర్ణించెను. దాని నిప్పుడు వాండా టెస్సలేటా యందురు. వాండా యను పేరు సంస్కృతమందలి “వందా” శబ్దమునుండి వచ్చినది. ఆ శబ్దమునకు బదనిక యని యర్థము. కాని బదనికకును దీనికిని గొప్ప భేదము కలదు. బదనిక తన వేళ్లను కొమ్మలోనికి జొనిపి చెట్టురసమును పీల్చును. ఆర్కిడ్ కొమ్మను ఆసరా చేసికొనునే గాని దానినుండి యేమియు దొంగిలింపదు. వాననీటివలనను, బెరడు పగుళ్లలో జేరిన యాకులపొడివలనను జీవించును. ఒకరి యింట నద్దెకుండి తన కూడు తాను వండుకొను కాపురస్థుని వంటిది.

అంగళ్లలో మొదటిసారి కొనువారికి సాధారణముగా దొరకునది ఫలెనాప్సిస్ అను రకము. గ్రీకుభాషలో నా మాటకు చిమ్మటను బోలినదని యర్థము. దీని పూర్వులును ఆసియాఖండపు వేడియడవులలో చెట్లపై బెరిగినవే. దీని వేరును జూడుడు. లావుగా నుండి, పైన తెల్లని మెత్తని పొర కప్పియుండును. ఆ పొర యద్దుడు కాగితమువలె నీటిని పీల్చి లోపలి భాగమున కందించును. ఆరినపుడు వేరు వెండివలె తెల్లనగును, తడిసినపుడు ఆకుపచ్చనగును. నీరెప్పుడు పోయవలెనో తెలుపు గడియార మదియే.

అడవిలో వాన కురియును, వెంటనే గాలి వీచి వేళ్లారును, మరల వాన కురియును. వేళ్లకు నీరెంత యవసరమో గాలియు నంతే యవసరము. ఎల్లప్పుడు తడిలో నున్న వేరు ఊపిరాడక కుళ్లును. కుళ్లిన వేరు నీటిని పీల్చలేదు గనుక ఆకులు వాడును. అది చూచి యజమానుడు మొక్కకు దాహమైనదని మరింత నీరు పోయును. ఈ వ్యాసకర్తయు తన మొదటి మొక్క నిట్లే పోగొట్టుకొనెను. దానిని తోటమన్నులో నాటి, ప్రతి యుదయము చెంబెడు నీరు పోసెను. తుదకు కుండీ బోర్లించి చూడగా వేళ్లన్నియు నానిన పీచువలె చేతికి వచ్చెను.

కావున నీటి విషయమున నిగ్రహము వలయును. వేళ్లు తెల్లబడి, కుండీ చేతికి తేలికగా దోచినపుడే నీరు పోయవలెను. సామాన్యముగా వారమున కొకసారి చాలును. వేసవిలో రెండు మూడు పర్యాయములు కావచ్చును. ముసురు దినములలో నంతకంటె తక్కువ. ఉదయముననే వేళ్లు బాగుగా తడియునట్లు పోసి, నీటిని క్రిందికి కారనిచ్చి, పళ్లెములో నిలిచినదానిని పారబోయవలెను. ఆకుల నడిమి మొవ్వులో నీరు నిలిచినచో గుడ్డతో నద్దివేయవలెను. మొక్క పైకెదుగు చోటు అదియొక్కటే. అది కుళ్లినచో మొక్కకు ముప్పు.

కుండీలో మన్ను వేయరాదు. బెరడు ముక్కలు, కర్రబొగ్గు, ఇటుక ముక్కలు, నానవేసి కడిగిన కొబ్బరి డొక్క ముక్కలు శ్రేష్ఠములు. కుండీకి రంధ్రములు పెక్కుండవలెను. రెండేండ్ల కొకసారి ఈ ముక్కలను మార్చవలెను. కుండీ వెలుపలికి వచ్చిన వేళ్లను కోయరాదు. గాలిలో వ్రేలాడుట వానికి సహజము.

తూర్పు కిటికీ యొద్ద ఉదయపు లేతయెండ దీనికి హితము. మధ్యాహ్నపు టెండ ఆకులను మాడ్చును. ఆకులు మరీ ముదురుపచ్చనైనచో వెలుతురు చాలలేదనియు, ఎర్రజీర దేరినచో నెక్కువైనదనియు గ్రహింపవలెను. వేసవిలో వడగాలి తగులనీయక, గులకరాళ్లును కొంచెము నీరును గల పళ్లెముపై నీటికంటనట్లు కుండీ నుంచిన, చుట్టును చెమ్మ నిలుచును. మొక్క యెదుగు దినములలో పక్షమున కొకసారి, డబ్బాపై వ్రాసిన మోతాదులో నాలుగవ వంతు ఎరువును నీట గలిపి పోసిన జాలును. ఆకుల యడుగున పిండినల్లి కానవచ్చినచో తడిగుడ్డతో తుడిచివేయుడు.

పూవులు రాలగానే మొక్క చచ్చినదని పారవేయువారు పెక్కుమంది. అది చావలేదు, విశ్రమించుచున్నది. పూవుల కాడ ఎండినచో మొదటికి కోయవలెను. పచ్చగా నున్నచో క్రిందినుండి రెండవ కణుపునకు బైన కోసిన, మరల కొమ్మ వేసి పూయవచ్చును. కోయు కత్తిని నిప్పుపై గాచి, చల్లార్చి వాడుడు. కొన్ని వారములు రాత్రులు చల్లగా నున్నచో క్రొత్తకాడ వెడలును. మన మార్గశిర పుష్యమాసముల చలి యందుకు తోడ్పడును. అంతవరకు నెలల తరబడి ఆకులనే చూచుచు నోపికపట్టవలెను.

బాలబాలికలారా! ఒకరికి మేలు చేయగోరువారు, తమ చేతికి వచ్చినది పెట్టుటకు ముందు, ఎదుటివారికి వలసిన దేమో కనుగొనవలెను. మీ యింటికి ఆర్కిడ్ వచ్చిన దినమున చెంబు పట్టుకొనకుడు. కుండీని చేతికెత్తి వేళ్ల రంగు చూడుడు. తెల్లగా నున్నచో నీరు పోయుడు. పచ్చగా నున్నచో దాని చోట దాని నుంచి మీ పాఠము చదువుకొనుడు.