పంపే యంత్రం, వినిపించే యంత్రం

గ్రామఫోను రోజులలో పాట వినడానికి ఒక్క పెట్టె చాలును. రికార్డు అందులోనే తిరిగేది, ముల్లు అందులోనే కదిలేది, ధ్వని దాని కొమ్ములో నుంచే వచ్చేది. అయినా ఆ కాలంలో కూడా పొత్తు కుదరని ఘట్టం ఒకటి వచ్చింది. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే రికార్డును 1948లో కొలంబియా కంపెనీ, 45 చుట్లు తిరిగే రికార్డును 1949లో ఆర్.సి.ఎ. విక్టర్ కంపెనీ విడుదల చేశాయి. అంతవరకు ఇళ్లలో ఉన్నవి చాలావరకు 78 చుట్ల యంత్రాలు. కొత్త రికార్డును పాత యంత్రం మీద పెడితే గాయకుని గొంతు కీచుమని, పాట పరుగెత్తేది. రికార్డులో లోపం లేదు, యంత్రంలో లోపం లేదు. ఆ రెండింటి మధ్య ఒప్పందమే లేదు.

ఈనాడు పాట అంకెల రూపంలో కంప్యూటర్‌లోనో, సెల్‌ఫోన్‌లోనో, ఇంటి మూలనున్న ఒక నిల్వ పెట్టెలోనో ఉంటుంది. వినిపించే యంత్రం వేరొకచోట, ఆంప్లిఫైయర్ పక్కన ఉంటుంది. వైఫై ద్వారానో, నెట్‌వర్క్ తీగ ద్వారానో అంకెలను అందుకొని వాటిని తిరిగి విద్యుత్ తరంగంగా మార్చే ఈ యంత్రాన్ని నెట్‌వర్క్ ఆడియో స్ట్రీమర్ అంటారు. పాటలను ఎంచి పంపే పని ప్లేయర్ సాఫ్ట్‌వేర్‌ది. ఈ రెండింటినీ వేర్వేరు సంస్థలు తయారు చేస్తాయి. కొన్నవారి ఫిర్యాదులు మాత్రం అన్ని దేశాలలోనూ ఒకే తీరున ఉంటాయి: స్ట్రీమర్ కనబడదు, కనబడినా పాడదు, పాడినా మధ్యలో తెగుతుంది.

మొదట అనుమానం వేగం మీదికి పోతుంది. ఒక చిన్న లెక్క వేస్తే ఆ అనుమానం చాలావరకు తీరుతుంది. కాంపాక్ట్ డిస్క్‌లో ప్రతి సెకనుకు ధ్వని తరంగాన్ని 44,100 సార్లు కొలుస్తారు. ఒక్కొక్క కొలతకు 16 బిట్లు, కుడి ఎడమలకు రెండు వరుసలు. మూడింటినీ గుణిస్తే సెకనుకు 14,11,200 బిట్లు. సామాన్యమైన ఇంటి వైఫై దీనికి ఎన్నో రెట్లు మోయగలదు. 2001లో వెలువడిన ఫ్లాక్ పద్ధతి ఒక్క బిట్టు కూడా నష్టపోకుండానే ఈ భారాన్ని ఇంకా బాగా తగ్గిస్తుంది. కనుక వైఫై మరీ బలహీనంగా ఉన్న గదులను మినహాయిస్తే, కారణం వేరేచోట వెదకాలి.

ఈ రంగంలో ఎక్కువగా వాడుకలో ఉన్న ఒప్పందం పేరు యుపిఎన్‌పి. దీనికోసం 1999లో కంపెనీల సంఘం ఒకటి ఏర్పడింది. ధ్వనికి, చిత్రానికి సంబంధించిన భాగం 2002లో వెలువడింది. ఇందులో మూడు పాత్రలున్నవి. పాటలను దాచి ఉంచే సర్వర్ ఒకటి, వాటిని వినిపించే రెండరర్ ఒకటి, ఈ రెండింటికీ ఆజ్ఞలిచ్చే కంట్రోల్ పాయింట్ ఒకటి. నాటక పరిభాషలో చివరిదాన్ని సూత్రధారుడు అనవచ్చును. చేతిలోని సెల్‌ఫోన్ సాధారణంగా సూత్రధారుడు మాత్రమే; పాట దాని గుండా పోదు. “ఫలానా చిరునామాలో ఫలానా పాట ఉన్నది, తెచ్చుకొని పాడు” అని అది స్ట్రీమర్‌కు ఒక చీటీ పంపుతుంది. స్ట్రీమర్ స్వయంగా సర్వర్ దగ్గరకు వెళ్లి పాటను తెచ్చుకుంటుంది.

చాలామందికి తెలియని ఈ ఏర్పాటు వల్ల ఒక వింత జరుగుతుంది. పాట నడుస్తుండగా ఫోన్ ఆపివేస్తే ఆ పాట చివరిదాకా చక్కగా వస్తుంది, కాని దాని తరువాతి పాట రాదు. పాటల వరుస ఫోన్‌లో ఉన్నది. స్ట్రీమర్‌కు తెలిసింది ఒక్క చీటీయే. స్కాట్లండ్‌లోని లిన్ సంస్థ రూపొందించిన ఓపెన్‌హోమ్ అనే విస్తరణలో వరుస మొత్తం స్ట్రీమర్‌లోనే ఉంటుంది కనుక అక్కడ ఈ చిక్కు లేదు. అయితే ఆ విస్తరణ అవతలి సాఫ్ట్‌వేర్‌కు కూడా తెలిసి ఉండాలి. ఒకరికే తెలిసిన భాషతో సంభాషణ సాగదు.

చీటీ పంపడానికి ముందు ఎదుటివాడు ఎక్కడున్నాడో తెలియాలి. స్ట్రీమర్‌ను ఇంటి నెట్‌వర్క్‌లో పెట్టగానే అది 239.255.255.250 అనే ఒక ప్రత్యేకమైన చిరునామాకు తన ఉనికిని చాటుతుంది. ఇది ఒక ఇంటి చిరునామా కాదు, ఊరిలో దండోరా వేయడం వంటిది. వినదలచిన ప్రతి యంత్రమూ వింటుంది. ఇంటిలోని రౌటర్ ఆ దండోరాను ఒక వీథి నుంచి మరొక వీథికి, అంటే తీగల వైపు నుంచి వైఫై వైపుకు, సరిగా చేరవేయకపోతే స్ట్రీమర్ బాగానే ఉండి కూడా ఫోన్‌కు కనబడదు. అతిథుల కోసం విడిగా పెట్టిన వైఫైలో ఫోన్ ఉన్నప్పుడు కూడా ఇదే ఫలితం. దీనికి విరుద్ధమైన తమాషా మరొకటి. “నా ఉనికి ఇంతసేపు చెల్లుతుంది” అని దండోరాలోనే గడువు ఉంటుంది. ఆ గడువు అరగంటకు తగ్గకుండా ఉండడం మంచిదని ఒప్పందం సూచిస్తున్నది. స్ట్రీమర్‌ను పద్ధతిగా ఆపితే సెలవు తీసుకొని పోతుంది. కరెంటు పోయినప్పుడు సెలవు చెప్పే వ్యవధి ఎక్కడిది? ఆ గడువు తీరేదాకా, లేని యంత్రం పేరు ఫోన్ తెర మీద నిలిచి ఉండవచ్చును.

కనబడిన తరువాత వచ్చే తగాదా భాష గురించి. స్ట్రీమర్ తనకు ఏ ఏ రూపాలు తెలుసునో ఒక పట్టికగా చెబుతుంది, సాఫ్ట్‌వేర్ ఆ పట్టికను చూసి పాటను పంపుతుంది. ఫ్లాక్ రూపానికి “ఆడియో/ఫ్లాక్” అనే పేరు లాంఛనంగా నమోదైనది 2024లో మాత్రమే. అంతకు ముందు కొందరు ఆ పేరునే వాడారు, మరి కొందరు మధ్యలో ఒక ఎక్స్ చేర్చి “ఆడియో/ఎక్స్-ఫ్లాక్” అన్నారు. అక్షరానికి అక్షరం పోల్చి చూసే సాఫ్ట్‌వేర్ ఈ రెండూ ఒకటేనని గ్రహించలేదు. రేషను కార్డులో “సుబ్బారావు” అని, ఓటరు పట్టికలో “సుబ్బరావు” అని ఉన్న మనిషిని గుమాస్తా వెనక్కి పంపినట్లే, పాడగలిగిన పాటను “ఈ యంత్రానికి ఇది తెలియదు” అని నిరాకరిస్తుంది. ఇటువంటి సందర్భంలో పరీక్షించడానికి ఒక సులువు ఉన్నది. పాటను ముందుగా విప్పి, కుదింపులేని ఎల్‌పిసిఎం రూపంలో పంపమని సాఫ్ట్‌వేర్‌ను కోరాలి. 2003లో ఏర్పడి 2017లో రద్దయిన డి.ఎల్.ఎన్.ఎ. సంఘం తన ముద్ర పొందే ఇంటి పరికరాలకు ఈ రూపాన్ని తప్పనిసరి చేసింది. అప్పుడు పాట వస్తే దోషం రూపానిదో, పేరుదో. అప్పటికీ రాకపోతే చిక్కు మరెక్కడో ఉన్నదన్నమాట.

ఎల్‌పిసిఎంలో సైతం ఒక గోతి ఉన్నది. 16 బిట్ల సంఖ్యను ఎనిమిదేసి బిట్లు గల రెండు బైట్లుగా పంపుతారు. పెద్ద స్థానం ముందా, చిన్న స్థానం ముందా? కంప్యూటర్‌లోని వేవ్ ఫైలులో చిన్నది ముందు ఉంటుంది. నెట్‌వర్క్ మీద ఎల్16 అనే పేరుతో పోయే ప్రవాహంలో పెద్దది ముందు ఉంటుంది. కర్ణాటక సంగీతం తెలిసినవారికి ఇది కొత్త సంగతి కాదు. కటపయాది సూత్రంలో “మేచకల్యాణి”లోని మ అంటే 5, చ అంటే 6. వరుసగా చదివితే 56 వస్తుంది, సూత్రం చెప్పినట్లు తిప్పి చదివితే 65. కల్యాణి 65వ మేళకర్త. తిప్పడం మరచినవాడు 56వదైన షణ్ముఖప్రియకు పోతాడు. యంత్రం మరచినప్పుడు రాగం కూడా మిగలదు. 3 అనే చిన్న కొలత, బైట్లు తారుమారైతే, 3 × 256 అంటే 768 అవుతుంది. 256 అనే కొలత 1గా కుంచించుకుపోతుంది. మెల్లని ధ్వని పెద్దదై, పెద్దది చిన్నదై, పాటకు బదులు స్పీకర్ నుంచి భీకరమైన రొద వస్తుంది. కొత్త సాఫ్ట్‌వేర్‌ను మొదటిసారి పరీక్షించేటప్పుడు ధ్వనిని బాగా తగ్గించి ఉంచుకోవలసింది ఇందుకే.

ఇక పాటకూ పాటకూ మధ్య వచ్చే మౌనం. రాగం, తానం, పల్లవి మూడింటినీ మూడు ఫైళ్లుగా విభజించిన కచేరీని తీసుకుంటే, రాగం ముగింపులో తంబుర శ్రుతి ఒక్కసారి తెగి, ఒకటి రెండు సెకన్లు నిశ్శబ్దమై, మళ్లీ మొదలవుతుంది. రసికునికి ఇంతకంటె బాధ లేదు. మొదటి ఫైలు అయిపోయినదని స్ట్రీమర్ చెప్పాలి, సూత్రధారుడు రెండవ చీటీ పంపాలి, స్ట్రీమర్ వెళ్లి తెచ్చుకోవాలి. ఆ వ్యవధే ఈ మౌనం. నడుస్తున్న పాట ముగియక ముందే తరువాతి చీటీని అందించే ఆజ్ఞ యుపిఎన్‌పి ఒప్పందంలో ఉన్నది, కాని దానిని ఐచ్ఛికం చేశారు. స్ట్రీమర్ దానిని పాటించకపోయినా ఒప్పందాన్ని ఉల్లంఘించినట్లు కాదు. మరి కొన్ని యంత్రాలు తమ పట్టికలో ఆ ఆజ్ఞను చూపి కూడా సరిగా అమలు చేయవు. దానిని నమ్మిన సాఫ్ట్‌వేర్ ఒక పాటను దాటవేస్తుంది, లేదా మధ్యలో నిలిచిపోతుంది. పొత్తు కుదరని చోట్లలో ఎక్కువ భాగానికి మూలం ఈ “ఐచ్ఛికం” అనే మాటేనని చెప్పవచ్చును. అందరినీ సంఘంలో చేర్చుకోవడానికి ఆ మాట వ్రాశారు. దాని మూల్యం వినేవాడు చెల్లిస్తున్నాడు.

భౌతికశాస్త్ర విద్యార్థులకు అన్నింటికంటె ఆసక్తికరమైనది గడియారాల సమస్య. కొలతలను సెకనుకు సరిగ్గా 44,100 చొప్పున విడుదల చేయడానికి ప్రతి యంత్రంలోనూ ఒక క్వార్ట్జ్ స్ఫటికం కంపిస్తూ ఉంటుంది. ఏ రెండు స్ఫటికాలూ ఖచ్చితంగా సమానంగా కంపించవు. పది లక్షలకు 50 పాళ్లు తేడా ఉన్నదనుకుందాం. సెకనుకు తేడా 2.205 కొలతలు, గంటకు 7,938 కొలతలు, అంటే 0.18 సెకను. పంపే యంత్రం తన గడియారం ప్రకారం తోస్తూ పోతే, వేగంగా పాడే స్ట్రీమర్ తన నిల్వను కొంచెం కొంచెంగా తినివేస్తుంది. అర సెకను నిల్వ 10,000 సెకన్లలో, అంటే రెండు గంటల 46 నిమిషాలలో, ఖాళీ అయి పాట తెగుతుంది. మూడు గంటలకొకసారి ఎందుకు తెగుతున్నదో తెలియక రౌటర్‌ను మార్చేవారున్నారు! దీనికి విరుగుడుగా కొన్ని పద్ధతులు అప్పుడొకటి అప్పుడొకటి కొలతలను చేర్చడమో, తీసివేయడమో చేస్తాయి. యుపిఎన్‌పిలో స్ట్రీమరే తనకు కావలసినప్పుడు లాగుకుంటుంది కనుక ఒక్క యంత్రం ఉన్నంతవరకు ఈ పేచీ లేదు. రెండు గదులలో రెండు స్ట్రీమర్లు పెట్టి ఒకే పాట వినిపిస్తే మాత్రం, పై లెక్క ప్రకారం గంట గడిచేసరికి ఒకటి రెండవదానికి 0.18 సెకను వెనుకబడుతుంది. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది కనుక, ఇది పక్క గదిలోని స్పీకర్‌ను 61 మీటర్ల దూరాన పెట్టినట్లు. 2002 నాటి ఒప్పందం దీనికి ఏ ఏర్పాటూ చేయలేదు.

పాట పేరు తెలుగులో ఉంటే వచ్చే ఇబ్బంది చిన్నదే గాని మనవారికి పరిచితమైనది. యుటిఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షర సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది. గుణింతపు గుర్తుకు కూడా మూడు. స్ట్రీమర్ తెర కోసం తయారు చేసిన అక్షరాలలో తెలుగు లేకపోతే పేరు స్థానంలో ఖాళీ గళ్లు వస్తాయి. పేరును బైట్ల లెక్కన కత్తిరించే యంత్రమైతే అక్షరాన్ని మధ్యకు నరికి, చివర ఒక అర్థంలేని గుర్తును మిగుల్చుతుంది.

ఇంతవరకు చెప్పినవన్నీ ఇంటిలోపలి తగాదాలు. కొన్ని స్ట్రీమర్లు ఇంటి వెలుపలి సర్వర్ అనుమతి లేనిదే పనిచేయవు. 2015లో వచ్చిన క్రోమ్‌కాస్ట్ ఆడియో తయారీని గూగుల్ 2019లో ఆపివేసింది. మార్చి 2025లో, ఆ యంత్రాలను గుర్తించడానికి వాడే పదేళ్ల ధ్రువపత్రం ఒకదాని గడువు తీరినందున, అప్పటిదాకా పాడుతున్నవి ఉన్నట్టుండి ఫోన్లతో మాట్లాడడం మానివేశాయి. కొద్ది రోజులలో కంపెనీ సవరణ పంపింది గనుక అవి మళ్లీ పనిలోకి వచ్చాయి.

స్క్వీజ్‌బాక్స్ కథ వేరు. అమెరికాలోని స్లిమ్ డివైసెస్ అనే చిన్న సంస్థ దీనిని 2003లో విడుదల చేసింది. లాజిటెక్ ఆ సంస్థను 2006లో కొన్నది, 2012లో ఈ తరహా యంత్రాలను విరమించింది. ఇందులో స్ట్రీమర్‌కు తెలివి తక్కువ, సర్వర్ సాఫ్ట్‌వేర్‌కు ఎక్కువ. ప్రతి గదిలోని పెట్టె ఎంతవరకు పాడిందో సర్వర్ కనుక్కొంటూ, ముందుకు పోయినదానిని రవంత ఆపి, వెనుకబడినదానిని రవంత దూకించి, అన్నింటినీ ఒక తాళంలో ఉంచుతుంది. ఆ సర్వర్ సాఫ్ట్‌వేర్ మూల లిపి మొదటి నుంచి అందరికీ తెరిచి ఉన్నది. అందువల్ల 2024లో లాజిటెక్ తన ఇంటర్నెట్ సేవను మూసివేసినప్పటికీ పెట్టెలు మూగబోలేదు. వాడుకరులే ఆ సాఫ్ట్‌వేర్‌ను లిరియన్ మ్యూజిక్ సర్వర్ అనే కొత్త పేరుతో కొనసాగిస్తున్నారు. రాస్‌ప్బెర్రీ పై వంటి అరచేతి కంప్యూటర్‌లో దానిని నడిపితే, ఏనాడో అంగడి నుంచి మాయమైన పెట్టె కూడా దండోరా విని, చీటీ అందుకొని, యథాప్రకారం పాడుతున్నది.