కర్రపెండలపు ఆకు: మేతయా, విషమా?

కర్రపెండలము త్రవ్విన నాడు దుంపలు బండి కెక్కి సగ్గుబియ్యపు మిల్లునకు పోవును. ఆకులు, కొమ్మలు చేనిలో మిగులును. పెద్దాపురము, సామర్లకోట పరిసరములందలి మెట్ట గ్రామములకు ఇది క్రొత్త సంగతి కాదు. పచ్చని ఆకును చూచి పశువు ఊరకుండదు. ఆ ఆకులో ఏమున్నదో పంచాయతీ సభ్యులు తెలిసికొని పదిమందికి చెప్పవలెనని మా కోరిక.

మొదట మంచి గుణము. తాజా దుంపలో మాంసకృత్తులు నూటికి 1 లేక 2 పాళ్ళు మాత్రమే. మిక్కిలి భాగము నీరు, పిండి. ఎండబెట్టిన ఆకులోనో, సాధారణముగా నూటికి 20 నుండి 25 పాళ్ళ మాంసకృత్తులుండును. ఇనుము, సున్నము, కెరోటిన్ కూడ కలవు. మెథియోనిన్ అను గంధకపు అంశము మాత్రము కొరత. ఆఫ్రికాలోని కాంగో దేశమున ఈ ఆకును బాగుగా దంచి, చాలసేపు ఉడికించి కూరగా తిందురు, పచ్చిగా తినరు. కాండము ముదిరిన కొలది పీచే ఎక్కువ. లోపల కొంత పిండి నిలువయుండును గనుక నాటిన ముక్క చిగిర్చును. కావున కాండమును మేతగా కంటె విత్తనముగా చూచుటయే లాభము. పూవు చిన్నది, మేతలో లెక్కకు రాదు.

ఇక విషము. ఈ మొక్కలో లినామరిన్ అను పదార్థము కలదు. దుంప కండలో కంటె ఆకులో, దుంప తొక్కలో ఇది చాల హెచ్చు. ఆకు నలిగినపుడు అందలి ఎంజైము దీనితో కలిసి, తుదకు హైడ్రోసయానిక్ ఆమ్లము వెలువడును. వానలు లేక గిడసబారిన జొన్న పైరును మేసి పశువు పడిపోయినచో రైతులు నాము తగిలినదందురే, ఆ విషమును ఇదియే. శరీరపు బరువులో కిలోకు 2 మిల్లీగ్రాములు ప్రాణాపాయకరము. 300 కిలోల ఎద్దుకు ఇది 600 మిల్లీగ్రాములే. ఆకలిగొన్న పశువు ఒక్కసారిగా మేసినచో రొప్పును, వణకును, కూలబడును. ఒక్కొక్కప్పుడు గంట కూడ పట్టదు. ఇంటి వైద్యముతో కాలము గడపక పశువైద్యుని పిలువవలెను. సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ సూదిమందులు సకాలమున పడినచో పశువు బ్రతుకవచ్చును.

ఈ విషమునకు ఒక బలహీనత కలదు. అది సుమారు 26 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనే ఆవిరియగును. మన ఎండకు అది నిలువదు. అయితే కొమ్మలను గట్టుపై పడవేసిన చాలుననుట పొరపాటు. ఆకును ముందుగా సన్నగా తరుగవలెను. తరిగినపుడే ఎంజైము పనిచేసి విషమును విడిపించును. ఆ పిమ్మట పలుచగా పరచి, త్రిప్పుచు రెండు మూడు దినములు గలగలలాడునట్లు ఎండబెట్టవలెను. ఇట్లు చేసినచో విషములో చాల భాగము పోవును. అప్పుడైనను గడ్డితో కలిపి కొద్దికొద్దిగా అలవాటు చేయవలెను.

త్రవ్వకము ఆరంభమగుటకు ముందే పంచాయతీ ఒక దండోరా వేయించి, త్రవ్విన చేలలోనికి పశువులను తోలవద్దని చెప్పించవచ్చును. మిల్లుల యొద్ద పచ్చి తొక్క కుప్పలకు కంచె వేయించుట కూడ వారి చేతిలోని పనియే. ఆకు ఆరబెట్టుటకు ఊరి కళ్ళములలో ఒకదానిని కేటాయించిన చిన్న రైతులకు సౌకర్యముగా నుండును. ఆకు దూసిన కాండములను కట్టలు కట్టి, తొలకరి వరకు చెట్టు నీడను నిలువుగా నుంచవలెను.