జీనుల పరీక్షాఫలము – దానిని విప్పిచెప్పువారు

గ్రామపెద్దలారా! పొలము కాగితము మన చేతిలోనున్నను, దానిని విప్పిచెప్పుటకు పూర్వము కరణము కావలసియుండెడివాడు. నేను నేడు మనవి చేయు వైద్యవిషయమును అట్టిదే.

అమెరికాలో 2016లో చేసిన శాసనమునుబట్టి, 2021 ఏప్రిల్ 5వ తేదీ మొదలు, పరీక్షాఫలము సిద్ధమైన వెంటనే రోగి దానిని సాధారణముగా తన ఫోనులోనే చూడగలుగుచున్నాడు. పెక్కుమార్లు వైద్యునికంటె ముందే చూచుచున్నాడు. రక్తములోని చక్కెర లెక్కయైనచో ఇది మేలే. జీనుల పరీక్ష అట్లు కాదు.

తల్లిదండ్రులనుండి బిడ్డలకు వచ్చు లక్షణములకు మూలములే జీనులు. బీఆర్‌సీఏ1 అను జీనులో దోషమున్న స్త్రీకి, జీవితకాలమున రొమ్మునకు రాచపుండు వచ్చు అవకాశము నూటికి 60కి మించును. అనగా రోగము వచ్చినదని కాదు. కాని ఆ దోషము ప్రతి బిడ్డకును సంక్రమించు అవకాశము సగపాలు, తోబుట్టువులకును ఉండవచ్చును. కావున ఒకరి ఫలము ఇంటిల్లిపాదికి సంబంధించినది.

కొన్ని ఫలములలో ‘అర్థము తేలని మార్పు’ అని యుండును. అట్టివానిలో తరువాత తేలినవి పెక్కు నిరపాయములే. దానినొక్కదానినే నమ్మి శస్త్రచికిత్సకు పూనుకొనరాదు.

ఫలమును రోగికి దాచుట న్యాయము కాదు. ఒంటరిగా చదువుకొమ్మని విడుచుటయు న్యాయము కాదు. ఏ ఫలమునకు ఏమి చేయవలెనో వైద్యుడు పరీక్షకు ముందే చెప్పవలెను.

అచ్చట నున్న మన పిల్లలు అట్టి ఫలము చూచి మీకు ఫోను చేసినచో, “ముందు వైద్యునితో మాటలాడుము, నాయనా” యని ధైర్యము చెప్పుడు. మన వంశమున ఎవరికి ఏ వయస్సున ఏ రోగము వచ్చెనో జ్ఞప్తికి తెచ్చి తెలుపుడు. ఫలము నర్థము చేసికొనుటకు వైద్యునకు అది మిక్కిలి యుపకరించును.