మీ ఫోన్‌కి ‘కోటి’ అంటే ఎంతో తెలుసా? ఫలక్‌నుమాలో ఒక ప్రోనోటు చెప్పిన పాఠం

రోజూ నా పని బెంచ్‌మార్క్ స్కోర్లు చూడటం. ఆన్‌టుటులో 1,250,000 అని వస్తే రివ్యూలో ‘పన్నెండున్నర లక్షలు’ అని రాసేస్తాను. కామాలు ఎక్కడున్నాయో కూడా పట్టించుకోను. ఆ అలవాటు లేనివాళ్లకి అదే నంబర్ ఎలా కనిపిస్తుందో ఈ మధ్య ఫలక్‌నుమాలో తెలిసొచ్చింది.

రైల్వే స్టేషన్‌కి దగ్గర్లోనే మా ఫ్రెండ్ వాళ్ల ఇల్లు. వాడు జెడ్డాలో ఉంటాడు. వాళ్ల నాన్నకి, అంటే మా చాచాకి, అక్కడి నుంచే ఫోన్ పంపాడు. వాట్సాప్ బ్యాకప్ చూడమంటే వెళ్లాను. నేను ఫోన్ చూస్తుంటే చాచా ఒక కాగితం చేతిలో పెట్టారు.

“బేటా, జర ఇది చదువు. నా అద్దాలు దొరుకుతలేవు.”

ప్రోనోటు డ్రాఫ్ట్. దూరపు బంధువు షాపు పెట్టుకోడానికి చాచా అప్పిస్తున్నారు. అంకెల్లో 1,250,000 అని ఉంది. పక్కనే అక్షరాల్లో ‘లక్షా ఇరవై ఐదు వేల రూపాయలు’ అని ఉంది.

“చాచా, ఇస్తున్నది ఎంత?”

“బారా లాఖ్ పచాస్ హజార్. ఐదు మొన్ననే ఇచ్చిన. ఏడున్నర రేపు ఇస్తా.”

మోసమేమీ కాదు. ఆ బంధువు కొడుకు చాచా ఫోన్‌లోనే రెండు మొత్తాలు కూడాడు. ఆ ఫోన్ భాష ఇంగ్లీష్ (యునైటెడ్ స్టేట్స్). అందుకే 12,50,000 అని కాకుండా 1,250,000 అని చూపించింది. ముందు ఒకటి, తర్వాత కామా, ఆ తర్వాత ఇంకో కామా కనిపిస్తే మన కన్ను వెంటనే ‘లక్ష’ అనేస్తుంది. పిల్లాడు కూడా అలాగే చదివాడు.

కానీ సంతకం పడి ఉంటే? నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం, 1881లో సెక్షన్ 18 ఉంది. నోటులో అంకెలు ఒకటి, అక్షరాలు ఒకటి చెబితే అక్షరాల్లో ఉన్న మొత్తమే చెల్లుతుంది. అంటే కాగితం మీద చాచా డబ్బు 11,25,000 తగ్గిపోయినట్టే.

చాచా కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చాయ్ తెప్పించి అడిగారు. “లాఖ్, కరోడ్ ఇన్నేళ్ల నుంచి ఉన్నయ్ కదా. ఇంత పెద్ద ఫోన్‌కి ఎందుకు తెల్వదు?”

మంచి ప్రశ్నే. ఇంటికొచ్చాక కాస్త చదివాను.

కోటి అంటే మొదట నంబర్ కాదు

సంస్కృతంలో ‘లక్ష’ అంటే గుర్తు, గురి. మన లక్ష్యం అనే మాట కూడా ఆ కుటుంబానిదే. ‘కోటి’ అంటే విల్లు కొన, అంచు, శిఖరం. అదే మాట 1,00,00,000కి పేరైంది. హిందీ, ఉర్దూల్లో అది ‘కరోడ్’ అయింది, ఇంగ్లీష్‌లోకి ‘క్రోర్’గా వెళ్లింది. మన సిటీలోని కోఠికి దీనితో సంబంధం లేదు. అది పెద్ద భవనం అనే అర్థంలో వచ్చిన పేరు, బ్రిటిష్ రెసిడెన్సీ వల్ల.

అసలు ట్విస్ట్ ఇరాన్‌లో ఉంది. ఫలక్‌నుమా పేరు ఫార్సీ పద్ధతిలో కూర్చిన మాట: ఫలక్ అంటే ఆకాశం, నుమా అంటే చూపించేది. ఆ ఫార్సీలోకి మన కరోడ్ ‘కురూర్’గా వెళ్లింది. కానీ అక్కడ దాని విలువ 5 లక్షలే! 1828లో తుర్క్‌మన్‌చాయ్ ఒప్పందం ప్రకారం ఇరాన్ రష్యాకి 10 కురూర్ల తుమాన్లు కట్టాల్సి వచ్చింది. మన లెక్కలో చదివితే 10 కోట్లు, వాళ్ల లెక్కలో 50 లక్షలు. మాట ఒకటే, తేడా 20 రెట్లు.

మన దగ్గర కూడా ఇలాంటిది ఉంది. యజుర్వేదంలోని సంఖ్యల వరుసలో ‘అర్బుదం’ అంటే నేటి కోటి. మహావీరాచార్యుల గణితంలో (దీన్నే 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు) అది వెయ్యి కోట్లు. భాస్కరాచార్యుల లీలావతిలో పది కోట్లు. అదే మాట నుంచి వచ్చిన ‘అరబ్’ ఇప్పుడు 100 కోట్లు. ‘బిలియన్’ కూడా తక్కువ తినలేదు. బ్రిటన్ ప్రభుత్వ లెక్కల్లో అది లక్ష కోట్ల నుంచి 100 కోట్లకి మారింది 1974లోనే.

అంటే పెద్ద సంఖ్య పేరుకి విలువ ఇచ్చేది ఆ మాట కాదు, దాన్ని వాడే ఊరు. మీరు ఏ ఊళ్లో ఉన్నారో ఫోన్‌కి మీరే చెప్పాలి.

సెట్టింగ్స్‌లో ఏం మార్చాలి?

ఆండ్రాయిడ్: సెట్టింగ్స్ > సిస్టమ్ > లాంగ్వేజెస్‌లోకి వెళ్లి ఇంగ్లీష్ (ఇండియా) లేదా తెలుగు (ఇండియా) యాడ్ చేసి లిస్టులో పైకి లాగండి. కంపెనీని బట్టి మెనూ పేర్లు కాస్త మారొచ్చు.

ఐఫోన్: సెట్టింగ్స్ > జనరల్ > లాంగ్వేజ్ అండ్ రీజియన్‌లో రీజియన్‌ని ఇండియాగా పెట్టండి.

విండోస్ ల్యాప్‌టాప్: కంట్రోల్ ప్యానెల్‌లో రీజియన్ > అడిషనల్ సెట్టింగ్స్ > డిజిట్ గ్రూపింగ్‌లో 12,34,56,789 ఎంచుకోండి.

ఒక జాగ్రత్త: కొన్ని యాప్‌లు ఫోన్ సెట్టింగ్‌ని పట్టించుకోకుండా సొంత పద్ధతిలో కామాలు పెడతాయి. కాబట్టి డబ్బు విషయంలో కామాలు నమ్మొద్దు. కుడి నుంచి అంకెలు లెక్కపెట్టండి: 6 అంకెలుంటే లక్షలు, 7 ఉంటే పది లక్షల పైన, 8 ఉంటే కోట్లు. అక్షరాల్లో రాసేటప్పుడు పైకి చదివి రాయండి.

చాచా ఫోన్‌లో ఇప్పుడు 12,50,000 అనే వస్తోంది. కొత్త ప్రోనోటులో అక్షరాల్లో ‘పన్నెండు లక్షల యాభై వేల రూపాయలు’ అని చాచా ముందు పైకి చదివించి రాశారు. ఈసారి అద్దాలు పెట్టుకుని, వేలు పెట్టి మరీ చూసుకున్నారు.

గల్ఫ్ నుంచో అమెరికా నుంచో వచ్చిన ఫోన్ మీ ఇంట్లో పెద్దవాళ్ల చేతిలో ఉంటే, ఈరోజే క్యాలిక్యులేటర్ తెరిచి ఒకటి పక్కన ఏడు సున్నాలు కొట్టి చూడండి. 1,00,00,000 అని రాకపోతే ఆ సెట్టింగ్ మార్చేయండి. రెండు నిమిషాల పని.