లెక్కల పట్టికలో మారే చిరునామాలు

ఉత్తరం చేరవలసిన చోటికి చేరాలంటే చిరునామా సరిగా ఉండాలి. ఉర్దూ విద్యార్థులు దానిని 'పతా' అన్నా, తెలుగు విద్యార్థులు 'చిరునామా' అన్నా భావం ఒక్కటే. నేడు కార్యాలయాలన్నింటా కనిపించే స్ప్రెడ్‌షీట్ అనే లెక్కల పట్టికకు సైతం చిరునామాయే ప్రాణం.

హార్వర్డ్ బిజినెస్ స్కూలులో విద్యార్థిగా ఉన్న డాన్ బ్రిక్లిన్‌కు తోచిన ఆలోచన, బాబ్ ఫ్రాంక్‌స్టన్ సహకారంతో 1979లో విసికాల్క్‌గా రూపొందినది. 1985లో ఎక్సెల్ వచ్చినది. ఈ పట్టికలలో నిలువు వరుసలకు అక్షరాలు, అడ్డు వరుసలకు అంకెలు గుర్తులు. 'సి' అనే నిలువు వరుస, 5వ అడ్డు వరుస కలిసిన గడి పేరు సి5. సూత్రంలో సి5 అని వ్రాస్తే యంత్రం ఆ గడిలోని విలువను తెచ్చి ఇస్తుంది. మధ్యలో కొత్త వరుస చేర్చి ఆ గడి క్రిందికి జరిగితే, సూత్రంలోని పేరును తానే సి6గా సవరించుకుంటుంది.

అయితే ఏ గడిని చూడాలో ముందుగా తెలియని సందర్భాలు ఉన్నవి. హాజరు పట్టికనే తీసుకుందాము. నెలకు ఒక పుట ఉన్నది. పుట పేరే నెల పేరు. ప్రతి పుటలో 'ఎ' వరుసలో ప్రవేశ సంఖ్యలు, 'సి' వరుసలో హాజరు దినాలు. వేరొక పుటలో, బి1 గడిలో నెల పేరు వ్రాయగానే ఆ నెల హాజరు కనిపించాలి. అందుకు సాధనం 'ఇండైరెక్ట్' అనే ప్రమేయం:

=ఇండైరెక్ట్(బి1&"!సి5")

(యంత్రంలో దీనిని ఇంగ్లీషు అక్షరాలతోనే టైపు చేయాలి.) & గుర్తు రెండు మాటలను కలుపుతుంది; ఆశ్చర్యార్థకం పుట పేరును గడి పేరు నుండి వేరు చేస్తుంది. బి1లో 'జూలై' ఉంటే జూలై పుటలోని సి5, 'ఆగస్టు' ఉంటే ఆగస్టు పుటలోని సి5 వచ్చును. అనగా చిరునామా కూడ మనం వ్రాసి, మార్చగల ఒక మాట అయినది.

ఈ సౌకర్యంలోనే ఒక ప్రమాదమున్నది. నేను ఈ విధంగా ఒక హాజరు పట్టిక తయారు చేశాను. ఆలస్యంగా చేరిన ఒక విద్యార్థి కోసం జూలై పుట మధ్యలో ఒక వరుస చేర్చాను. కొటేషన్ గుర్తుల నడుమ ఉన్న "సి5" యంత్రం దృష్టిలో వట్టి అక్షరాలు, అది సవరించుకోలేదు. అక్కడి నుండి క్రింది వారందరికీ పై వారి హాజరు పడినది. తప్పు జరిగినదని యంత్రం ఒక్క మాటైనా చెప్పలేదు. ఒక్క రోజైనా మానని విద్యార్థిని పేరు హాజరు తక్కువైనవారి జాబితాకు ఎక్కినది. ఉపకార వేతనపు దరఖాస్తుపై సంతకానికి ఆ జాబితాయే ఆధారం. ఆమె వచ్చి అడిగినందువల్ల తప్పు బయటపడినది. అడగడానికి సంకోచించి ఉంటే?

నివారణ సులభమే. ఇంటి సంఖ్యను నమ్ముకొనక మనిషి పేరుతో వెదకాలి. 'మ్యాచ్' ప్రమేయం ప్రవేశ సంఖ్య ఎన్నవ వరుసలో ఉన్నదో కనుగొంటుంది. 'ఇండెక్స్' ఆ వరుసలోని విలువను అందిస్తుంది:

=ఇండెక్స్(ఇండైరెక్ట్(బి1&"!సి:సి"),మ్యాచ్(ఎ5,ఇండైరెక్ట్(బి1&"!ఎ:ఎ"),0))

ఇక్కడ ఎ5 మన పుటలోని ప్రవేశ సంఖ్య. చివరి సున్న అచ్చముగా సరిపోలిన దానినే గ్రహించుమని ఆజ్ఞ. ఇక వరుసలు ఎన్ని చేర్చినా ఎవరి హాజరు వారికే దక్కుతుంది. అయినను నిలువు వరుసలను జరుపరాదు. పుట పేరు మార్చితే దోషం చూపుతుంది. పైగా ఇండైరెక్ట్ పట్టికలో ఏ మార్పు జరిగినా మరల లెక్కిస్తుంది గనుక, పెద్ద పట్టికలలో దానిని మితంగా వాడుట మేలు.

విద్యార్థి మిత్రులారా! రేపు మీలో అనేకులు ఇటువంటి పట్టికల ముందు కూర్చుంటారు. ఒక్కొక్క గడి వెనుక ఒక్కొక్క మనిషి ఉన్నాడు. జాబితాను పైకి పంపే ముందు నాలుగు పేర్లనైనా మూల పుటతో సరిచూడండి. యంత్రం మనం వ్రాసిన చిరునామాకే పోతుంది. అది సరియైన ఇల్లో కాదో చూడవలసినవారము మనమే.