ఉత్తుత్తి కుస్తీ... అసలు జరిమానా!

మీకు తెలుసా? అహ్మది నుంచి కారెక్కితే గంటలోపే చేరిపోయే కువైట్ సిటీలో, పాపం, ఓ టీవీ యాంకర్ ఒకే ఒక్క ప్రశ్న అడిగి ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు! 1997 ఏప్రిల్. ‘గుడ్ మార్నింగ్ కువైట్’ కార్యక్రమం. ఎదురుగా రెజ్లర్లు అండర్‌టేకర్, వేడర్. “మీ కుస్తీలన్నీ ఉత్తుత్తివేనటగా?” అన్నాడు యాంకర్. రెండు వందల కిలోల వేడర్ లేచి అతన్ని ఒడిసి పట్టుకున్నాడు. గుడ్ మార్నింగ్ అంటే ఇదీ!

కేసు పడింది. వేడర్ కొన్నాళ్లు కువైట్ దాటలేకపోయాడు. ఊరెళ్లాలనుకున్నప్పుడు వెళ్లలేక కువైట్‌లో ఇరుక్కుపోవడం మన కడప, గోదావరి జిల్లాల వాళ్లకే ప్రత్యేకం అనుకున్నారా? చివరికి జరిమానా ఎంతో తెలుసా? 164 డాలర్లు. మన లెక్కలో సుమారు 50 దినార్లు. అంతే!

ఈ వేడర్ గురించే ఇంకోటి. గుండె చిక్కబట్టుకోండి. 1990 ఫిబ్రవరి 10న టోక్యోలో స్టాన్ హాన్సెన్‌తో పోటీలో వేడర్ కనుగుడ్డు బయటికొచ్చేసింది. మాస్క్ తీశాడు, వేలితో కన్ను లోపలికి నెట్టుకున్నాడు, ఆట కొనసాగించాడు. ఉత్తుత్తి కుస్తీ అన్నది ఎవరండీ?

కువైట్ పేరుతో ఏకంగా ఓ రెజ్లింగ్ కప్పే ఉండేదని మీకు తెలుసా? 1996లో అహ్మద్ జాన్సన్ గెలిచాడు. పేరు చూసి అరబ్బు అనుకునేరు, అమెరికా మనిషి! మరుసటేడు గెలిచింది టైగర్ అలీ సింగ్, కెనడాలో పెరిగిన పంజాబీ. రెండుసార్లు జరిగిన కప్పులో ఒకటి మన దేశపు రక్తానిదే.

చిన్నప్పుడు డబ్ల్యుడబ్ల్యుఎఫ్ కార్డులాడిన వాళ్లంతా చెవులు రిక్కించండి. 1996 నాటి ‘ఖిలాడియోఁ కా ఖిలాడీ’లో అక్షయ్ కుమార్ అండర్‌టేకర్‌ని చితక్కొట్టాడని ఎంతమందితో పందెం కాశారు? ఆయన అండర్‌టేకర్ కానే కాదు, బ్రయన్ లీ! అంతకంటే తమాషా: 1994 సమ్మర్‌స్లామ్‌లో అసలు అండర్‌టేకర్ మీదికి నకిలీ అండర్‌టేకర్‌గా దిగిందీ ఈ బ్రయన్ లీనే. నకిలీల్లో కూడా సీనియారిటీ ఉంటుంది మరి.

కుస్తీ పోటీలు పెట్టించి బందీలను విడిపించుకున్న మొనగాడు ఎవరో తెలుసా? 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. జపనీయులూ బందీలయ్యారు. అప్పటికి జపాన్ పార్లమెంటు సభ్యుడైన రెజ్లర్ ఆంటోనియో ఇనోకి బాగ్దాద్ వెళ్లి, డిసెంబరులో అక్కడ కుస్తీ పోటీలు పెట్టించాడు. బందీలు విడుదలయ్యారు. దౌత్యవేత్తలు ఫైళ్లు తిరగేస్తుంటే ఈయన బరిలో మనుషులను తిరగేయించాడు!

ఇదే ఇనోకి 1976లో మహమ్మద్ అలీతో తలపడ్డాడు. పదిహేను రౌండ్లూ దాదాపు వెల్లకిలా పడుకునే అలీ కాళ్లను తన్నాడు. ఫలితం? డ్రా. ప్రేక్షకులకు నిద్ర. అలీకి వాచిన కాళ్లు. అదే ఏడాది కరాచీలో అక్రం పహిల్వాన్ చెయ్యి విరిచాడు, అది మాత్రం ఎవరికీ నిద్ర పట్టనివ్వలేదు.

ఆ అక్రం ఎవరి తమ్ముడి కొడుకో తెలుసా? గామా పహిల్వాన్‌ది! 1910లో లండన్‌లో గామాకీ, జిబిస్కో అనే రెజ్లర్‌కీ రెండున్నర గంటలకు పైగా పోరు, తేలలేదు. మళ్లీ పోటీ అంటే జిబిస్కో రానే లేదు. పద్దెనిమిదేళ్ల తర్వాత, 1928లో పాటియాలాలో దొరికాడు. ఈసారి నిమిషం కూడా పట్టలేదు. వడ్డీతో సహా వసూలు!

మన తెలుగు గడ్డకి వద్దాం. వీరఘట్టం బిడ్డ కోడి రామ్మూర్తి నాయుడు రొమ్ము మీద ఏనుగును ఎక్కించుకునేవాడు. కలియుగ భీముడన్నారు జనం. విశాఖ బీచ్‌లో విగ్రహముంది. సెల్ఫీ దిగినవాళ్లలో సగం మందికి ఆయనెవరో తెలియదు. 

జాన్ సీనా భారతదేశంలో తొలిసారి రింగులోకి దిగింది ఎక్కడో తెలుసా? ముంబై కాదు, ఢిల్లీ కాదు. మన గచ్చిబౌలి! 2023 సెప్టెంబరు 8న.

డబ్ల్యుడబ్ల్యుఎఫ్ పేరు మార్పించింది ఎవరు? పాండా! పాండా బొమ్మ గుర్తుగా, అవే మూడక్షరాలున్న వన్యప్రాణి సంస్థ కోర్టుకెళ్లి గెలిచింది. 2002లో ఎఫ్ పోయి ఇ వచ్చింది. అండర్‌టేకర్‌ వల్ల కానిది పాండా వల్లయింది.

ఆఖరుగా మన పొరుగు ముచ్చట. 2018 ఏప్రిల్ 27, జెడ్డా. యాభై మందితో మహా పోటీ. డేనియల్ బ్రయన్ 76 నిమిషాలు నిలబడి రికార్డు కొట్టాడు. అయితే జనం నేటికీ చూసేది టైటస్ ఓనీల్‌ని. పరుగెత్తుకొస్తూ కాలు తట్టుకుని, బోర్లా పడి, జారుకుంటూ రింగు కిందికి వెళ్లిపోయాడు! వ్యాఖ్యాతలు నవ్వాపుకోలేకపోయారు. దీన్ని ఉత్తుత్తి అని అనగలరా?