చలిమంట చెంతకు ఏ బట్ట?

దుమ్ముగూడెమున ధనుర్మాసపు వేకువను గోదావరి మీది మంచు గడపదాకా వచ్చును. ప్రొద్దెక్కగానే ఎండ చురుక్కుమనును. కనుక హుడీ యనబడు టోపీచొక్కా కొనువారు దళసరితనమొక్కటే చూడరాదు. చొక్కాను తిరగవేసి చూడుడు. లోపల దారపు ఉచ్చులు కనబడినచో గాలియాడును, చెమట పీల్చును. వానిని గీకి నూగు లేపిన బట్ట వెచ్చన. చదరపు మీటరుకు 240 మొదలు 280 గ్రాముల తూకము ఇచ్చటికి చాలును.

అసలు చూడవలసినది, చీటీ మీది నూలు వంతు. పాలియెస్టరు త్వరగా ఆరును, చవుక, నిజమే. అయితే మన పిల్లలు చలిమంట చుట్టును కూర్చుందురు గదా! నిప్పు సోకినచో పాలియెస్టరు కరగి చర్మమునకు అంటుకొనును. నూలు కరగదు గాని రగులుకొనును. నూగుబట్టపై మంట మరింత వడిగా ప్రాకును. మంటకడ కూర్చుండునపుడు ఉచ్చుల నూలుబట్టయే మేలు. టోపీ త్రాళ్లను లోనికి దోపవలెను.